వీడియో గదిలో నాకు కొట్టిన చప్పట్లు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కొత్తగా చేరే డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మేడమ్, పల్లెలో పని ఎట్లా ఉంటుంది?" అని అడుగుతారు. పాము కాట్లు, పురుగుమందు తాగిన కేసులు, టార్చిలైటు పట్టుకుని చేసిన కాన్పులు, ఇవి వినాలని వాళ్లకు ఉంటుంది. నేనూ అవే చెప్పి, కాఫీ ఇచ్చి పంపేదాన్ని. వాళ్లు గేటు దాటాక, చెప్పాల్సింది మళ్లీ దాటేశానే అనిపించేది. ఎదురుగా మనిషి ఉంటే నాకు నోరు రాదు. అందుకే రాస్తున్నాను.

నా ఉద్యోగంలో ప్రమోషన్లు, బదిలీ ఆర్డర్లు, తనిఖీలు అందరికీ ఉన్నట్టే ఉన్నాయి. వాటితో మీకు పనిలేదు. మదనపల్లెలో ఒక గది ఉండేది. ఆ గదిలో ఒక తెర ఉండేది. దాని ముందు నేను ఎట్లా కూర్చున్నానో తెలిస్తే మీకు కొంత పనికిరావచ్చు.

తెర రాకముందు

మాది వాయల్పాడు. ఇప్పుడు వాల్మీకిపురం అంటారు గానీ మా ఇంట్లో ఎవరికీ ఆ పేరు నోరు తిరగదు. తొంభైల్లో నా మొదటి పోస్టింగు కుప్పం అవతల, గుడుపల్లె దాటాక ఒక చిన్న పీహెచ్‌సీలో వచ్చింది. మూడు భాషల సరిహద్దు. ఒకాయన తెలుగులో నొప్పి చెప్పుకుంటే, ఆయన భార్య తమిళంలో సరిదిద్దేది.

అప్పట్లో మీటింగంటే చిత్తూరు పోవాలి. పొద్దున్నే బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు గానీ తిరిగి రాలేం. అందుకని మీటింగులు తక్కువ పెట్టేవాళ్లు. నాకప్పుడు ఒక పెద్దాయన బాస్‌గా ఉండేవారు. ఆయనకు మీటింగులంటే గిట్టదు. చెప్పకుండా మా ఆస్పత్రికి వచ్చి, బయట బెంచీ మీద రోగుల మధ్య కూర్చుని, వాళ్లు మాట్లాడుకునేది చాలాసేపు విని, ఆ తర్వాత లోపలికి వచ్చేవారు. "నీ లెక్కలు నాకొద్దమ్మా. బెంచీ మీద చాలానే చెప్పినారు" అనేవారు. నా కెరీర్‌లో నేను భయపడినా కోపం తెచ్చుకోని బాస్ ఆయనొక్కరే. ఆయన రిటైరయ్యాక బెంచీ మీద కూర్చున్న అధికారిని నేను మళ్లీ చూడలేదు.

కుప్పం రోజుల్లోనే నాకు మునిరత్నం పరిచయం. పక్క పీహెచ్‌సీ డాక్టరు, నాకంటే చిన్నవాడు. మొదటి రోజు నుంచే "అక్కా" అని పిలిచాడు. తర్వాత నాకు పుంగనూరు వైపు లోపలి ఊళ్లో ఒక పీహెచ్‌సీకి బదిలీ అయింది. ఆ ఊరి పేరు చెప్పను. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్నవాళ్లకు దీంతో సంబంధం లేదు. మునిరత్నం కుప్పంలోనే ఉండిపోయాడు.

మదనపల్లె గది

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో మదనపల్లెలో ఒక ప్రభుత్వ ఆఫీసు మేడ మీద వీడియో కాన్ఫరెన్స్ గది పెట్టారు. చెప్పులు బయట విడవాలి. ఏసీ ఉంటుంది. గోడకు పెద్ద టీవీ, దాని నెత్తిన కెమెరా. హైదరాబాదులో కూర్చున్న అధికారి, చిత్తూరు, కుప్పం, ఇంకా ఎక్కడెక్కడి వాళ్లో తలా ఒక గడిలో కనపడేవాళ్లు. మేం సినిమాకు పోయినంత సంబరంగా పోయేవాళ్లం. లేడీ డాక్టర్లం మంచి చీరలు కట్టుకునేవాళ్లం. అధికారి వచ్చేలోపు నేనూ మునిరత్నం తెర మీదనే పలకరించుకునేవాళ్లం.

"అక్కా, తింటివా?" అని కుప్పం గడిలో నుంచి అడిగేవాడు.

"ఇడ్లీ తిన్నాను. నువ్వు?"

"ఈడ హోటలు మూసేసుండారు. నువ్వు తిన్నావు గదా, నాకు సగం కడుపు నిండిండాది."

మాట మాకు చేరేసరికి అతని నోరు అప్పటికే మూసుకుని ఉండేది. అందరం నవ్వేవాళ్లం.

ఆ తెరను నేను తిట్టడం లేదు. ఒకసారి మా పీహెచ్‌సీలో కుక్కకాటు మందు అయిపోయింది. ముగ్గురు పిల్లల్ని పిచ్చికుక్క కరిచింది. అదే రోజు కాన్ఫరెన్స్‌లో ఆ మాట అన్నాను. మునిరత్నం తన దగ్గర ఉందని చెప్పి, ఐస్ పెట్టెలో పెట్టి, బస్సు డ్రైవరు చేతికిచ్చి సాయంత్రానికి పంపించాడు. వెనకటి రోజుల్లో అయితే ఎవరి దగ్గర ఏముందో తెలుసుకునేసరికి పిల్లలు ఏమయ్యేవాళ్లో. దూరంగా ఉన్నవాళ్లం ఒకచోట కూర్చుని జబ్బుల గురించి మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి సాధనం లేదు.

కానీ మాట్లాడుకోవడం కొన్నాళ్లే సాగింది. హైదరాబాదులో ఒక కొత్త అధికారి వచ్చారు. ఆయన మంచి ఉద్దేశంతోనే వచ్చారని ఇప్పటికీ నమ్ముతాను. పల్లెల్లో కాన్పుల్లో ఆడవాళ్లు చనిపోకూడదని ఆయన పట్టుదల. కాకపోతే అందరి ముందు ఒకరిని తిడితే మిగతావాళ్లు దారికి వస్తారని కూడా ఆయన నమ్మకం. నెలకొకసారి ఉండే కాన్ఫరెన్స్ ప్రతి వారం అయింది. డివిజన్‌లో ఉన్న డాక్టర్లందరూ పొద్దున వచ్చి సాయంత్రం దాకా కూర్చోవాలి. ఒకసారి మాలో పెద్దవాడైన ఒక డాక్టరు, షుగర్ మనిషి, బాత్రూముకని లేచాడు. కెమెరాలో అధికారికి కనపడింది.

"మదనపల్లెలో లేచిందెవరు? ఇది సినిమా హాలు అనుకున్నారా? నిలబడండి. మీటింగు అయ్యేదాకా నిలబడే ఉండండి."

తండ్రి వయసున్న డాక్టరు కుర్రవాళ్లందరి ముందు, అన్ని ఊళ్ల వాళ్లూ చూస్తుండగా, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మేమెవరం నోరెత్తలేదు. ఆ తర్వాత ఆ గదిలో నీళ్లు తాగడానికి కూడా ఎవరూ లేచేవాళ్లు కాదు.

శాంత

మా పీహెచ్‌సీకి దగ్గర పల్లెలో రెడ్డెమ్మ అనే ఆమె ఉండేది. భర్త లేడు. వర్షం పడితే వేరుశనగ, పడకపోతే కూలి. ఆమెకున్నది ఒక్క కూతురు, శాంత. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. నా దగ్గరికి చూపించుకోవడానికి వచ్చినప్పుడు, మా ఆస్పత్రిలోనే కాన్పు అవుతానని ఒప్పుకుంది. కానీ నొప్పులు అనుకున్నదానికంటే ముందే వచ్చాయి. ఇంట్లోనే ఆడపిల్ల పుట్టింది. మాయ మాత్రం బయటికి రాలేదు. రక్తం ఆగలేదు. రెడ్డెమ్మ, ఊరివాళ్లు శాంతను, బిడ్డను టెంపోలో వేసుకుని మా ఆస్పత్రికి తెచ్చారు.

ఆ రోజు కాన్ఫరెన్స్. నేను మదనపల్లె గదిలో ఉన్నాను.

లోపల ఉండిపోయిన మాయను చేత్తో తీయడం నాకు వచ్చు. కుప్పంలో ఎన్నోసార్లు తీశాను. అక్కడ ఉంటే తీసేదాన్ని. మా స్టాఫ్ నర్సు గ్రేసమ్మకు ఆ పని చేసే అధికారం లేదు, అలవాటూ లేదు. సెలైన్ పెట్టి, ఇంజెక్షన్ ఇచ్చి, మదనపల్లె ఆఫీసుకు ఫోన్ చేసింది. కింద ఆఫీసులో ఫోన్ ఎత్తిన అటెండరు పైకి వచ్చి, వంగి వంగి నడుచుకుంటూ నా కుర్చీ వెనక చేరాడు.

"మ్యాడమ్, మీ నర్సమ్మ ఫోన్ చేసిండాది. కాన్పు కేసంట. మాయ పడలేదంట. రక్తం పోతానే ఉండాదంట. ఇప్పుడే బిన్నా రమ్మంటాండాది."

తెర మీద కుప్పం వంతు నడుస్తోంది. తర్వాత మా వంతు. అధికారి మునిరత్నాన్ని ప్రసూతి మరణాల గురించే అడుగుతున్నారు. నా వంతు అయిపోగానే లేద్దాం, పేరు పిలిచినప్పుడు కుర్చీ ఖాళీగా ఉంటే ఏమవుతుందో అనుకున్నాను. గోడకు ఆనుకుని నిలబడిన ఆ పెద్దాయన నా కళ్ల ముందు కనపడ్డాడు. అటెండరును చేత్తో ఆగమన్నాను.

కుప్పం వంతు సాగింది. అటెండరు మళ్లీ వచ్చాడు. ఈసారి ఏమీ అనకుండా నిలబడ్డాడు. నేను మళ్లీ చెయ్యి చూపించాను.

చివరికి నన్ను పిలిచారు. మైకు బటన్ నొక్కి, "మా పీహెచ్‌సీ పరిధిలో ఈ ఏడాది ప్రసూతి మరణాలు లేవు సార్" అన్నాను.

"గుడ్" అన్నారాయన.

వెంటనే లేచి, వంగి బయటికి నడిచాను. ఆయన చూడలేదు. చూసినా ఏమీ అనేవారు కాదేమో. ఇప్పటికీ నాకు తెలియదు.

మా జీపు డ్రైవరు ఖాదర్ బాషా ఎంత తొందరగా తోలాడో చెప్పలేను. మదనపల్లె దాటి పుంగనూరు రోడ్డు మీద సగం దూరం పోయాక, ఎదురుగా టెంపో వస్తూ కనపడింది. నేను రావడం లేదని, పుంగనూరులో రక్తం ఎక్కించే వీలు లేదని గ్రేసమ్మ వాళ్లను మదనపల్లెకు బయల్దేరదీసింది. ఖాదర్ బాషా జీపును రోడ్డుకు అడ్డంగా ఆపాడు. నేను పరుగెత్తాను.

టెంపో వెనక రెడ్డెమ్మ బిడ్డను చీర కొంగులో చుట్టుకుని కూర్చుని ఉంది. శాంత తల ఆమె తొడ మీద ఉంది. గ్రేసమ్మ సెలైన్ సీసాను ఎత్తి పట్టుకుని ఉంది. నన్ను చూడగానే రెడ్డెమ్మ కాళ్లు ముడుచుకుని పక్కకు జరిగింది.

"వస్తివా మ్మా. ఎక్కు. ఈడ కూచో" అంది.

నేనెక్కి శాంత చెయ్యి పట్టుకున్నాను. గ్రేసమ్మ ముఖం చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. అయినా సీసాను దించలేదు. కబురందుకుని వచ్చి టెంపో అంచున కూర్చున్న శాంత మొగుడు మాత్రం "ఇంగ మ్యాడమ్ వచ్చేసింది గదా" అంటున్నాడు.

కాగితాల సంగతి వదిలేస్తానన్నాను గానీ ఒక్కటి చెప్పాలి. శాంత దారిలో పోయింది కాబట్టి ఆ చావు మా పీహెచ్‌సీ కింద పడలేదు. పైకి పోయిన లెక్కలో నేను కాన్ఫరెన్స్‌లో చెప్పిన మాట నిజంగానే మిగిలిపోయింది.

బుధవారాలు

టీకాలు వేసే రోజు బుధవారం. రెడ్డెమ్మ మనవరాలిని ఎత్తుకుని వచ్చేది. ఆవు పాలలో నీళ్లు ఎన్ని కలపాలి, రాత్రిపూట ఎన్నిసార్లు పట్టాలి అని అడిగేది. నేను చెప్పేదాన్ని. టీకా వేసినప్పుడు బిడ్డ ఏడిస్తే ఆమె కూడా ముఖం తిప్పుకునేది. శాంత పేరు ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆమె తిట్టి ఉంటే నాకు కాళ్లు పట్టుకునే దారి దొరికేది. అది కూడా దొరకలేదు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. సర్పంచ్ నన్ను చూసి ముఖం పక్కకు తిప్పుకునేవాడు. "మీటింగులో కూచోని మా బిడ్డను సంపిరి" అని అంగడి దగ్గర అనేవాళ్లు. అందులో తప్పేముంది?

ఆమె మాట్లాడింది

కొన్ని నెలల తర్వాత హైదరాబాదు నుంచి ఆదేశం వచ్చింది. ఈసారి కాన్ఫరెన్స్ డాక్టర్లతో కాదు, జనంతో. తల్లీబిడ్డల ఆరోగ్యం గురించి పల్లె ఆడవాళ్లే తెర ముందు నేరుగా మాట్లాడాలి. ప్రతి పీహెచ్‌సీ నుంచి ఒకరిద్దరిని తీసుకురావాలి. మా వైపు నుంచి ఎవరు పోవాలో సర్పంచ్ నిర్ణయించాడు. రెడ్డెమ్మను పంపాడు. ఏం చెప్పమని పంపాడో పొద్దున్నే ఖాదర్ బాషా నా చెవిన వేశాడు.

"డాక్టరు లేక బిడ్డ సచ్చిపాయె అని ఉన్నది ఉన్నట్టు సెప్పమన్నాడంట మ్యాడమ్. సస్పెండ్ సేస్తారేమో."

ఆమె బదులు ఇంకెవరినైనా తీసుకుపోవచ్చా అని నేను ఆలోచించాను. ఆలోచించలేదని చెబితే మీరు నమ్మకండి.

గదిలో చెప్పులు విడిచి ఆడవాళ్లంతా ముడుచుకుని కూర్చున్నారు. ఏసీ చలికి రెడ్డెమ్మ బిడ్డను కొంగుతో కప్పింది. టీవీ మూలన తన బొమ్మ తనకే కనపడితే ఒకసారి చూసి తల తిప్పేసింది. నేను గోడ పక్కన కుర్చీలో ఉన్నాను. కుప్పం గడిలో మునిరత్నం ఉన్నాడు. శాంత సంగతి అతనికి నేనే ఫోన్‌లో చెప్పాను.

అధికారి ఆ రోజు చాలా మర్యాదగా మాట్లాడారు.

"చెప్పమ్మా, నీ పేరేంటి?"

"రెడ్డెమ్మప్పా."

"ఒళ్లో ఉన్నది మనవడా, మనవరాలా?"

"మనవరాలు."

"తల్లి రాలేదా?"

"లేదప్పా."

"పనికి పోయిందా?"

రెడ్డెమ్మ బిడ్డ నెత్తి మీది కొంగు సర్దింది. "పోయిందప్పా" అంది.

ఆయన తల ఊపారు. మదనపల్లె గదిలో ఉన్నవాళ్లలో ఆ మాట అర్థమైనవాళ్లు ఎంతమందో నాకు తెలియదు.

"మీ ఆస్పత్రిలో డాక్టరు ఉంటారా అమ్మా? భయపడకుండా చెప్పు."

ఆమె తల తిప్పి నన్ను చూసింది. నేను తల దించుకున్నాను. ఇప్పుడు చెబుతుంది, చెబితే చాలు, అయిపోతుంది అనుకున్నాను.

"ఉంటాదప్పా" అంది.

"ఎప్పుడు పోయినా ఉంటారా?"

"ఉంటాదని సెప్తాండా గదా. మంచి తల్లి."

"ఇంకేమైనా కావాలా మీకు?"

"ఏమీ వొద్దప్పా."

"చూశారా అందరూ? పల్లె డాక్టరంటే ఇట్లా ఉండాలి. ఆ డాక్టరమ్మ కోసం చప్పట్లు కొట్టండి."

తెర మీద అన్ని గడుల్లోనూ చేతులు కదిలాయి. చప్పుడు తర్వాత వచ్చింది. చిత్తూరు చప్పట్లు ఆగాక ఇంకో ఊరివి, అవి ఆగాక మరొక ఊరివి, చేతులు ఆగిపోయాక కూడా వస్తూనే ఉన్నాయి. కుప్పం గడిలో మునిరత్నం చేతులు కట్టుకుని కిందికి చూస్తున్నాడు. నా ఉద్యోగంలో నాకు కొట్టిన చప్పట్లు అవే. అంతకుముందూ లేవు, ఆ తర్వాతా లేవు.

తిరుగు దారిలో

ఆమెను, బిడ్డను జీపులో ఊరికి తీసుకుపోయాను. పుంగనూరు వచ్చాక నేనే అడిగాను.

"ఎందుకట్లా చెప్పావు రెడ్డెమ్మా?"

"ఎట్ల సెప్పల్ల మ్మా?"

"జరిగింది చెప్పాల్సింది. నేను ఏమీ అనేదాన్ని కాదు."

"సెప్తే ఏమయ్యేది? నిన్ను ఈడనుంచి తీసేసుందురు. నీకు ముందు ఆ ఆస్పత్రికి బీగమే గదా. కుక్కలు పండుకుంటా ఉండె." ఆమె బిడ్డ మూతి తుడిచింది. "మా శాంత ఎట్లాగూ రాదు. దీనికి జొరమొస్తే నేను యాడికి ఎత్తుకోని పోవల్ల? సెప్పు."

నాకు ఏడుపు వచ్చింది. ఆమె నన్ను ఓదార్చలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ అంది: "ఇంగోటి కూడా ఉండాదిలే. నువ్వు ఆడ తలొంచుకోని కూచోనుంటివి. అంతమంది సూస్తాండారు. నాకు మనసొప్పలేదు. ఏడవద్దు మ్మా. ఆస్పత్రిలో ఉండు. నాకు అంతే కావల్ల."

జాలితో చెప్పిందని అనుకుని ఉంటే నేను ఏదో ఒక విధంగా తట్టుకునేదాన్ని. ఆమెకు నా అవసరం ఉంది కాబట్టి చెప్పింది. బిడ్డను పోగొట్టుకున్న చోటికే, పోగొట్టిన మనిషి దగ్గరికే, మనవరాలిని ఎత్తుకుని రావాల్సిన గతి ఆమెది. ఆ గతిలో కూడా నా ముఖం చిన్నబోకుండా చూసింది. నేను సిగ్గుపడడానికి కూడా అర్హురాలిని కానని ఆ రోజు అనిపించింది.

నేను నిజం చెప్పిన రోజు

మళ్లీ డాక్టర్ల కాన్ఫరెన్స్ వచ్చింది. మళ్లీ పొద్దుటి నుంచి అందరం గదిలో. నా వంతు వచ్చినప్పుడు లెక్కలు చెప్పకుండా, "సార్, డివిజన్ డాక్టర్లందరం ఇక్కడే కూర్చుంటే పీహెచ్‌సీల్లో ఎవరుంటారు సార్? సగం మంది వస్తే చాలదా?" అని అడిగాను.

ఆయనకు కోపం రాలేదు. నవ్వారు. "మీ గురించి మీ ఊరామె ఏం చెప్పిందో మర్చిపోయారా? మీరు ఇక్కడికి వస్తూనే అక్కడ బాగా చేస్తున్నారు కదా. మిగతావాళ్లకు ఏం అడ్డం?"

ఆమె నన్ను కాపాడడానికి చెప్పిన మాట ఇప్పుడు ఇంకో శాంతకు అడ్డం నిలబడింది. నేను లేచి నిలబడ్డాను.

"ఆమె చెప్పింది నిజం కాదు సార్. ఆమె కూతురు రక్తం పోయి చనిపోయిన రోజు నేను ఇక్కడే కూర్చుని ఉన్నాను. నాకు కబురు వచ్చింది. మీరు చూస్తారని లేవలేదు. ఆ రోజు మా దగ్గర మరణాలు లేవని మీకు చెప్పింది నేనే."

ఆయన ముఖం మారింది. "అంటే ఆ రోజు ఆమె చేత నాకు అబద్ధం చెప్పించారా?" అన్నారు.

"చెప్పించలేదు సార్."

కుప్పం గడిలో మైకు లైటు వెలిగింది. "సార్, నేను మునిరత్నం. ఇప్పుడు మా పక్క కూడా ఏ ఆస్పత్రిలోనూ డాక్టరు లేడు సార్. అందరం ఈడే ఉండాం" అన్నాడు. మా గదిలో ఆ షుగర్ డాక్టరు కూడా లేచి నిలబడ్డాడు. ఊరికే నిలబడ్డాడు. కాసేపటికి తెర నల్లగా అయిపోయింది.

కొన్ని వారాలకు కొత్త పద్ధతి వచ్చింది. కాన్ఫరెన్స్‌కు పీహెచ్‌సీల వాళ్లు వంతుల వారీగా వస్తే చాలు. కేసు వచ్చిందని ఫోన్ వస్తే ఎవరైనా లేచి పోవచ్చు. మా మాట వల్లే వచ్చిందో, అప్పటికే ఆలోచనలో ఉందో నాకు తెలియదు. కానీ వచ్చింది. ఆ తర్వాత ఎన్నోసార్లు డాక్టర్లు నడిమధ్యలో లేచి జీపులెక్కడం చూశాను.

నాకు మాత్రం ఆ రోజు గది నుంచి బయటికి రాగానే ఒళ్లంతా తేలికయింది. చాలాకాలం తర్వాత కడుపు నిండా తిన్నాను. ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఇంకో తల్లి చావకూడదని మాట్లాడింది కొంతే. ఎక్కువభాగం ఆ చప్పట్లు నా చెవుల్లోంచి పోవాలని మాట్లాడాను.

బుధవారం రెడ్డెమ్మ వచ్చింది. నేను ఉత్సాహంగా చెప్పాను. "అందరి ముందూ నిజం చెప్పేశాను రెడ్డెమ్మా. శాంత సంగతి చెప్పాను."

ఆమె ముఖం ఎర్రబడింది. "యాల సెప్తివి?"

"నీ మాట అబద్ధంగా మిగలకూడదని."

"నిన్ను సెప్పమని నేనడిగితినా? ఇప్పుడు నిన్ను మారిస్తే?"

"మార్చరులే" అన్నాను.

మార్చారు. నన్ను పెద్దమండ్యం వైపు వేశారు. మా పీహెచ్‌సీకి నా బదులు ఎవరి పేరూ రాలేదు. మునిరత్నానికి ఒక మెమో వచ్చింది. దాని గురించి అతను ఎప్పుడూ నాతో మాట్లాడలేదు. ఫోన్ చేస్తే, "వదిలేయక్కా, తింటివా?" అనేవాడు.

నేను పోయే రోజు ఊరివాళ్లు కొందరు వచ్చారు. రెడ్డెమ్మ రాలేదు. నేనే వాళ్ల ఇంటికి పోయాను. ఆమె పొయ్యి ముందు సంగటి కెలుకుతోంది. బిడ్డ గడప పట్టుకుని లేవాలని చూస్తోంది.

"నీ బదులు ఎవురొస్తాండారు?" అని తల ఎత్తకుండానే అడిగింది.

"వేస్తారు."

"ఎప్పుడు?"

ఆమె సంగటి కుండ దించింది. చేతులు తుడుచుకుంది.

"నీ మనసులో బరువు నువ్వు దించుకుంటివి మ్మా. మంచిదే. పోయి రా."

నిజం చెప్పొద్దని కొత్తగా చేరే డాక్టర్లతో నేను అనడం లేదు. చెప్పాలి. కానీ ఆ నిజం వల్ల ఎవరు నష్టపోతారో ముందు వాళ్లను అడగండి. నేను రెడ్డెమ్మను అడగలేదు. శాంత నాకోసం ఎదురుచూస్తుంటే నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది అందరి ముందు పరువు పోతుందన్న భయం. ఆ తర్వాత తెర ముందు లేచి నిలబెట్టింది కూడా చాలావరకు నా పరువే. అప్పుడు అది ధైర్యంలా కనిపించింది. రెండుసార్లూ ఆ ఇంటి మనుషులు నాకు గుర్తుకు రావాల్సింది. రాలేదు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం గ్రేసమ్మ నాకు ఫోన్ చేసింది. రెడ్డెమ్మ మనవరాలికి విరేచనాలు పట్టుకున్నాయి. బిడ్డ కళ్లు గుంతలు పడ్డాయి. ఆస్పత్రిలో ఇంకా డాక్టరు లేడు. గ్రేసమ్మ చేతనైనంత చేసింది. తగ్గకపోతే రెడ్డెమ్మ బిడ్డను భుజాన వేసుకుని, ఆ ఎండలో రోడ్డు దాకా నడిచి, పుంగనూరు బస్సు ఎక్కింది. నేనప్పుడు పెద్దమండ్యం వైపు ఆస్పత్రిలో, నా కుర్చీలో, ఎదురుగా రోగులను పెట్టుకుని ఉన్నాను.

"ఏమయింది గ్రేసమ్మా, తర్వాత చెప్పు" అన్నాను.

"బతికింది మేడమ్."

వినపడినా మళ్లీ చెప్పమన్నాను. ఆమె మళ్లీ చెప్పింది. వరసలో ముందున్న ముసలాయన "ఏమ్మా, ఏమాయె?" అని అడుగుతున్నాడు. ఏమీ కాలేదని చెప్పి, ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూశాను.